మదురై మహల్‌లో చూడాల్సింది గచ్చు

మీనాక్షమ్మ దర్శనం అయ్యాక, రైలుకి ఇంకా టైముంటేనే మనవాళ్లు తిరుమల నాయకుడి మహల్‌కి ఆటో ఎక్కుతారు. గుడి నుంచి కిలోమీటరు పైచిలుకే, నడిచినా అయిపోతుంది. స్తంభం పక్కన ఫొటో దిగి పది నిమిషాల్లో బయటికొచ్చేస్తున్న వాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంది. 1636లో దీన్ని కట్టించిన మదురై రాజు తిరుమల నాయకుడు విజయనగరం నుంచి వచ్చిన విశ్వనాథ నాయకుడి వంశం వాడు, మన తెలుగువాడు.

టిక్కెట్టు కొని చూసేది అసలు మహల్‌లో నాలుగో వంతే. ఆయన మనవడు చొక్కనాథుడు రాజధానిని తిరుచ్చికి మార్చి, చాలా భాగం పీకించి పట్టుకుపోయాడు. మిగిలినదాన్ని 1866-72 మధ్య మద్రాసు గవర్నర్ నేపియర్ బాగుచేయించాడు. 1970 దాకా ఇందులో జిల్లా కోర్టు నడిచింది.

మహల్‌లో దర్బారు జరిగిన స్వర్గవిలాసం ముంగిట నిలబడితే చూపు స్తంభాల లావు మీదికే పోతుంది. ముగ్గురు చేతులు కలిపితేగానీ చుట్టు అందదు. కాసేపు వాటిని వదిలి కమాన్ల అంచులు చూడండి. లోపల స్తంభం రాయి, కమాను ఇటుక. పైన కనిపించే ఆకులూ లతలూ అన్నీ గచ్చు పనే, అంటే సున్నపు పూతతో చేసిన పని. గుల్ల సున్నాన్ని తడిపి మాగబెడతారు, ఇసుకతో కలిపి నూరతారు. ముతక పూత కాస్త బిగిశాక సన్నపు పూత, ఆఖరున కోడిగుడ్డు తెల్లసొన కలిపిన వెన్నలాంటి సున్నం. అది పచ్చిగా ఉండగానే నున్నటి రాయితో రుద్దుతారు. తడి పూర్తిగా ఆరిపోయాక ఎంత రుద్దినా ఆ మెరుపు రాదు. ఒక పూత సరిగా బిగియకముందే ఇంకోటి వేస్తే బీటలిస్తుంది.

అలాంటి పూత మీద తాళంచెవితో పేర్లు గీశారు! కడుపు మండిపోయింది. గీత పడితే పైపొర తెగుతుంది, తేమ అక్కడి నుంచే లోపలికి దిగుతుంది, చుట్టుపక్కల పూత గుల్లబారి ఊడుతుంది. సిమెంటుతో పూడిస్తే ఇంకా నష్టం. సున్నం గాలి పీల్చినట్టు సిమెంటు పీల్చదు. లోపలి తడి పక్కకి తన్ని, ఉప్పు పేరుకుని, బాగున్న పూతను కూడా ఎత్తేస్తుంది.

ఒక్క పని మాత్రం తప్పక చేయండి. దగ్గర్లో బట్టల కొట్ల మధ్య 'పత్తు తూణ్' (తమిళంలో పది స్తంభాలు) సందు ఎక్కడని అడగండి. ఈ మహల్‌వే అని చెప్పే పది రాతి స్తంభాలు అక్కడ గచ్చు లేకుండా నిలబడి ఉన్నాయి. సాయంత్రం జనంలో తల ఎత్తి చూడ్డానికి కుదరదు, కొట్లు తెరవకముందే వెళ్లండి.