ప్రపంచంలో ఇంకెక్కడైనా మీకు ఇల్లుందా?

హైదరాబాద్‌లో హోమ్‌లోన్ల పని చేసినన్నాళ్లూ నన్నెవరూ ఏ పరీక్షా అడగలేదు. డిగ్రీ అవగానే అమీర్‌పేటలో, బ్యాంకులకి లోన్ కస్టమర్లని తెచ్చిపెట్టే ఓ డీఎస్‌ఏ (ఏజెంటు) ఆఫీసులో చేరాను. లింకు డాక్యుమెంట్లు (ఆస్తి పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద లావాదేవీల సర్టిఫికెట్), శాలరీ స్లిప్పులు, ఫామ్ 16 ఒక ఫైల్లో పెట్టి బ్యాంకుకు చేర్చడం, ప్యానెల్ అడ్వకేట్ లీగల్ ఒపీనియన్ ఇచ్చేదాకా ఫోన్ల మీద ఫోన్లు చేయడం, శాంక్షన్ లెటర్ వచ్చేదాకా కస్టమర్ టెన్షన్ కూడా మనమే పడటం. ఏ బ్యాంకులో పెడితే పని త్వరగా అవుతుందో, పంచాయతీ లేఅవుట్ అనగానే ఏ మేనేజర్ ఫైలు పక్కన పడేస్తాడో నోటికొచ్చు. పెళ్లయి ఇంగ్లండ్‌లో రెడింగ్‌కి వెళ్లేటప్పుడు, ఇళ్లూ అప్పులూ ఎక్కడైనా ఉంటాయి కదా, నా పనికి లోటుండదు అనుకున్నాను.

ఇళ్లూ ఉన్నాయి, అప్పులూ ఉన్నాయి. కానీ అక్కడ ఫలానా లోన్ తీసుకోండని ఒక మనిషికి చెప్పాలంటే పరీక్ష పాసై ఉండాలి. 2004 అక్టోబర్ 31 నుంచి ఇంటి లోన్ల సలహా అక్కడ ప్రభుత్వ నియంత్రణలో ఉంది. ఇప్పుడు దాన్ని చూసేది ఎఫ్‌సీఏ అనే నియంత్రణ సంస్థ. ఎక్కువమంది రాసేది సీమ్యాప్ అనే సర్టిఫికెట్ పరీక్ష. మూడు పేపర్లు, అన్నీ బిట్లే, పాస్ కావాలంటే 70 శాతం రావాలి. మొదటిది రెగ్యులేషన్, రెండోది మార్టిగేజ్‌లు, మూడోది కేస్ స్టడీలు. వినడానికి తేలిక. మన దగ్గర బిట్ పేపరంటే చివరి వారంలో బట్టీ పట్టే అలవాటు కదా, మొదటి పేపర్ దాకా ఆ పద్ధతి పనిచేస్తుంది కూడా. మూడో పేపర్లో మాత్రం పనిచేయదు. అందులో ఒక కుటుంబం కథంతా ఇస్తారు: జీతాలు, పిల్లలు, కారు లోన్, రిటైర్మెంట్ వయసు. వాళ్లకి ఏది నప్పుతుందో తేల్చాలి. చట్టం గుర్తున్నంత మాత్రాన జవాబు దొరకదు.

చదువులో చాలా భాగం చిక్కడపల్లిలోనే జరిగింది. అమ్మ మోకాలి ఆపరేషన్‌కని హైదరాబాద్ వచ్చినప్పుడు రెండో పేపర్ పుస్తకం వెంట తెచ్చుకున్నాను. ఇంటికి పరామర్శకొచ్చే చుట్టాల తాకిడి ఎక్కువ. పొద్దున్నే అమ్మకి టిఫిన్ పెట్టి, పక్కన పిన్నిని కూర్చోబెట్టి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లిపోయేదాన్ని. అక్కడ కుర్చీ దొరకాలంటే అందరికంటే ముందుండాలి. చుట్టూ గ్రూప్స్‌కి, ఎస్ఐ పోస్టులకి చదివే పిల్లలు, వాళ్ల మధ్య ఇంగ్లండ్ భూమి చట్టం పట్టుకుని నేను.

పక్కన కూర్చునే నల్లగొండ అమ్మాయి ఒకరోజు నా పుస్తకంలోకి తొంగిచూసింది. "లీజ్‌హోల్డ్ అంటే ఏందక్కా?"

చెప్పాను. అక్కడ ఫ్లాట్ కొంటే చాలాసార్లు భూమి మనది కాదు, దానికి వేరే ఓనరుంటాడు. మనకొచ్చేది 99 ఏళ్లకో 125 ఏళ్లకో లీజు. పాత లీజుల్లో అయితే ఏటా గ్రౌండ్ రెంట్ కూడా కట్టాలి. 2022 జూన్ 30 నుంచి రాసే కొత్త లీజుల్లో దాన్ని దాదాపు తీసేశారు.

"పైసలన్నీ పెట్టి కొన్నంక గూడ కిరాయేనా?" అంది. ఆ పిల్ల అడిగిన తీరుకి అవతలి టేబుల్ వాళ్లు కూడా తలెత్తి చూశారు. మన సేల్ డీడ్‌లో అయితే ఫ్లాట్‌తో పాటు ఇన్ని గజాల అవిభాజ్య వాటా అని భూమిని కూడా రాస్తారు. అక్కడ అది ఉండదు. లీజు 80 ఏళ్ల కిందకి దిగితే పొడిగించుకోవడం ఖరీదవుతుంది, లోన్ ఇచ్చేవాళ్లూ వెనకాడతారు. ఆ చాప్టర్ నాకు పుస్తకం కంటే ఆ అమ్మాయికి విప్పి చెప్పడంలోనే ఎక్కువ ఎక్కింది.

పరీక్షలైతే అయ్యాయి. అసలు కష్టం సర్టిఫికెట్ చేతికొచ్చాకే మొదలైంది. ఏ ప్రకటన చూసినా 'సీమ్యాప్ తప్పనిసరి, సీఏఎస్ ఉండాలి' అని ఉండేది. సీఏఎస్ అంటే, సూపర్‌వైజర్ మన ఫైళ్లన్నీ కొన్నాళ్లు తనిఖీ చేసి, ఇక ఈ మనిషిని ఒంటరిగా వదలొచ్చని సంతకం పెట్టడం. అది రావాలంటే ముందు ఎవరో ఒకరు ఉద్యోగం ఇవ్వాలి. వాళ్లు ఉద్యోగం ఇవ్వాలంటే మన దగ్గర ముందే అది ఉండాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టు తయారైంది నా పని.

డిపెండెంట్ వీసా కాబట్టి స్పాన్సర్ గొడవ లేకపోవడం ఒక్కటే నాకు కలిసొచ్చింది. ఎంఎస్‌సీకి వచ్చిన మన పిల్లలకి ఈ దారి చెప్పడానికి నేను వెనకాడేది అందుకే. చిన్న బ్రోకర్ ఆఫీసుల్లో చాలావాటికి స్పాన్సర్ లైసెన్సే ఉండదు.

ఒక కంపెనీ మాత్రం చాలా ఉత్సాహంగా పిలిచింది. ఇంటర్వ్యూలో మార్టిగేజ్‌ల గురించి అడిగింది తక్కువ. మీ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఎంతమంది ఉంటారు, వాళ్లలో ఇళ్లు కొనే వయసువాళ్లెందరు, ఇవీ ప్రశ్నలు. జీతం లేదు, కమిషన్లో వాటా. పైగా లోన్‌తో పాటు అంటగట్టే లైఫ్ ఇన్సూరెన్స్‌ని కస్టమర్ మధ్యలో ఆపేస్తే ఇచ్చిన కమిషన్ వెనక్కి లాక్కుంటారు. బతుకమ్మ ఆడే గ్రూపుని లిస్టుగా రాసివ్వమంటే నా వల్ల కాదని చెప్పి వచ్చేశాను. కమిషన్ పద్ధతే తప్పని నేననను, నిలదొక్కుకున్నవాళ్లు అందులోనే బాగా సంపాదిస్తారు. కొత్తగా వచ్చి, తెలిసినవాళ్ల మొహమాటం మీద బతకాల్సి రావడమే నాకు నచ్చలేదు.

చివరికి దొరికింది మరో బ్రోకర్ ఆఫీసులో అడ్మిన్ పోస్టు. ఆ ఇంటర్వ్యూలో మేనేజర్ తనే కస్టమర్‌గా నటించింది. నాలుగు లక్షల పౌండ్ల ఇల్లు, మొదటిసారి కొంటున్నాను, నన్ను అడగాల్సినవన్నీ అడుగు అంది. జీతం, ఖర్చులు, డిపాజిట్ అడిగాక నాకు అలవాటుగా మన మియాపూర్, కూకట్‌పల్లి ఫ్లాట్లు గుర్తొచ్చాయి. "ప్రపంచంలో ఇంకెక్కడైనా మీ పేరు మీద గానీ, మీ ఆయన పేరు మీద గానీ ఇల్లుందా?" అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది.

ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ లెక్క చూడండి. 2025 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లో మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకి నాలుగు లక్షల పౌండ్ల ఇంటి మీద స్టాంప్ డ్యూటీ 5,000 పౌండ్లు. అయితే ఆ 'మొదటిసారి' అన్నది ప్రపంచం మొత్తానికి వర్తిస్తుంది. హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్ కొని ఉన్నా ఆ రాయితీ పోతుంది. పోవడమే కాదు, ఆ ఫ్లాట్‌లో మన వాటా విలువ 40,000 పౌండ్లు, ఆ పైన ఉంటే కొత్త ఇల్లు రెండో ఇంటి కిందకి వస్తుంది, మొత్తం ధర మీద 5 శాతం అదనం. అప్పుడు డ్యూటీ 30,000 పౌండ్లు. భార్యాభర్తల్లో ఎవరి పేరు మీదున్నా ఇద్దరికీ చుట్టుకుంటుంది. శంకర్‌పల్లిలో ఖాళీ ప్లాట్ ఉంటే మాత్రం ఇబ్బంది లేదు, అది ఇల్లు కాదు కదా. మన దగ్గర ఎన్ని ఇళ్లున్నా, ఎన్నో ఇల్లయినా రిజిస్ట్రేషన్‌కి అదే 7.5 శాతం. అందుకే ఈ తేడా మనవాళ్లకి ఊహకి కూడా రాదు. దీని మీద ఖాయంగా చెప్పాల్సింది ఇల్లు కొనేటప్పుడు కాగితాలు చూసే లాయరు, అంటే సొలిసిటరే. కానీ ఇల్లు నచ్చి, సర్వే ఖర్చులు పెట్టాక సొలిసిటర్ నోట వినడం కంటే మొదటి రోజే మా నోట వింటే నయం.

జీతం ఏడాదికి 25 వేల పౌండ్ల చుట్టూ. చదువుకున్న చదువుకి తక్కువే. పే స్లిప్పులు, పీ60లు (మన ఫామ్ 16 లాంటివి) తెప్పించుకోవడం, వాల్యుయేషన్ ఎందుకు ఆగిందని లెండర్ని అడగడం... సగం పని అమీర్‌పేటలో చేసిందే. ఆస్తి కాగితాల బాధ మాత్రం లేదు. 7 పౌండ్లు కడితే దాదాపు ఎవరి ఇంటి టైటిల్ కాపీ అయినా ల్యాండ్ రిజిస్ట్రీ ఆన్‌లైన్‌లో ఇచ్చేస్తుంది. మన లింకు డాక్యుమెంట్ల కట్టలు మోసిన చేతులకి అదొక వింత. బదులుగా అక్కడ తవ్వేది మనిషిని. ఆదాయానికి నాలుగున్నర రెట్లు లోన్ రావొచ్చని తేలాక కూడా, ఎందుకు ఐదేళ్ల ఫిక్స్‌డ్ వడ్డీ, ఎందుకు రెండేళ్లది కాదు అని కాగితం మీద కారణం రాయాలి. రెండేళ్లలో ఇండియా వెళ్లిపోతామేమో అన్న కుటుంబానికి ఐదేళ్ల ఫిక్స్‌డ్ అంటగడితే, మధ్యలో తీర్చేసినందుకు పెనాల్టీ పడుతుంది. రేపు వాళ్లు కస్టమర్ల ఫిర్యాదులు వినే ఆంబడ్స్‌మన్ దగ్గరికి వెళ్తే ఆ కాగితమే మాట్లాడుతుంది. ట్రైనీ అడ్వైజర్‌గా మారాక నా ఫైళ్లు ఎక్కువగా వెనక్కొచ్చింది ఆ 'ఎందుకు' దగ్గరే.

నేను ఆఫీసుకి నిజంగా పనికొచ్చింది డిపాజిట్ డబ్బు విషయంలో. మనవాళ్లలో చాలామందికి డిపాజిట్ హైదరాబాద్ నుంచి వస్తుంది, నాన్న ప్లాట్ అమ్మి పంపుతాడు. అది అప్పు కాదని, ఇంట్లో వాటా అడగనని ఆయన లెటర్ ఇవ్వాలి. అమ్మిన డబ్బు ఆయన ఖాతాలోకి ఎలా వచ్చిందో స్టేట్‌మెంట్ చూపాలి. ఆపై ఎల్‌ఆర్‌ఎస్, అంటే విదేశాలకి డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంక్ పెట్టిన పథకం కింద ఒక్కొక్కరు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకే పంపొచ్చు. పది లక్షల రూపాయలు దాటిన దాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. తర్వాత ఇన్‌కమ్ ట్యాక్స్‌లో సర్దుబాటు అవుతుంది గానీ, ఇల్లు కొనే నెలలో ఆ డబ్బు చేతిలో ఉండదు. మా మేనేజర్‌కి ఇదంతా కొత్త. ఇంకో సంగతి ఆవిడకి ఎలా చెప్పాలో కూడా తెలియలేదు: డాక్యుమెంట్‌లో రాసిన ధర ఒకటి, చేతులు మారిన సొమ్ము ఇంకొకటి, ఆ మిగతాది బ్యాంకులో వేయలేని సొమ్మని. హైదరాబాద్‌లో దీన్ని ఎవరూ వింతగా చూడరు. అక్కడ మనీ లాండరింగ్ అనేస్తారు. అందుకే ఇలాంటి కుటుంబాలకి ప్లాట్ అమ్మకముందే ఫోన్ చేసి చెప్పే పని నాకు పడింది.

ఎలక్టోరల్ రోల్ సంగతి కూడా అలాగే. కామన్‌వెల్త్ పౌరులం కాబట్టి వీసా మీదున్నా అక్కడ మనకి ఓటుంది, నమోదు చేసుకుంటే క్రెడిట్ ఫైల్లో అడ్రస్ గట్టిపడుతుంది. సిబిల్ స్కోర్ పైకి లేపిన ఘనులు కూడా అక్కడ మొదటి ఏడాది సున్నా నుంచి మొదలుపెట్టాలి, ఇంత తేలికైన పని మాత్రం చేయరు.

సీఏఎస్ సంతకం పడ్డాక నా మొదటి సొంత కేసు హైదరాబాద్ దంపతులదే. ఆ ప్రశ్న అడగ్గానే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, నిజాంపేటలో ఆయన పేరు మీద ఫ్లాట్ ఉంది. ముందు అది అమ్మేసి కొంటే మొదటిసారి రాయితీ రాకపోయినా అదనపు 5 శాతం తప్పుతుంది, వాళ్లు చూసిన నాలుగు లక్షల ఇంటికి డ్యూటీ 10,000 పౌండ్లతో పోతుందని లెక్క వేసి చూపించాను. ఆలోచించుకుని ఆగిపోయారు. ఫైలు కదలలేదు కాబట్టి లెండర్ నుంచి మా ఆఫీసుకి వచ్చే కమిషనూ లేదు, నాకు వచ్చేదీ లేదు. మొన్న అమ్మని చూడ్డానికి చిక్కడపల్లి వచ్చినప్పుడు వాళ్ల దగ్గర్నుంచి మెసేజ్. ఫ్లాట్‌కి బేరం కుదిరిందట, ఎన్నారై అమ్మకం కాబట్టి తనే టీడీఎస్ పన్ను పట్టుకుని కట్టాలని తెలిసి కొనేవాడు నసుగుతున్నాడట, కొంత క్యాష్‌గా తీసుకుంటారా అని అడుగుతున్నాడట. ఒక్క రూపాయి కూడా క్యాష్ వద్దు, మొత్తం బ్యాంకులోనే వేయించుకోండని రాశాను. బేరం నిలిచేదీ లేనిదీ ఇంకా తేలలేదు.