పాత ట్యూనర్, కొత్త ట్యూనర్: హనుమకొండ డాబా కింద ఇప్పటిదాకా

యాంప్లిఫయర్ పక్కన ఇప్పుడు రేడియో స్టేషన్లు పట్టే ట్యూనర్లు రెండు ఉన్నాయి. ఒకటి డెబ్బైల నాటి జపాన్ సరుకు, అమెరికా మోడల్. మన కరెంటు ఓల్టేజీని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్గు పెట్టడానికి లేదు. రెండోది టీఈఎఫ్6686 అనే రేడియో చిప్ ఉన్న అరచేతి పెట్టె.

పాతదాని ముల్లు తిప్పితే గరగరమనేది. గ్యాంగ్ (ముల్లుతో పాటు తిరుగుతూ స్టేషన్ మార్చే రేకుల కెపాసిటర్) ఇరుసును తాకే స్ప్రింగ్ ఆకుల దగ్గర మడ్డి కట్టింది. కాంటాక్ట్ క్లీనర్ చుక్క వేసి అటూ ఇటూ తిప్పితే పోయింది. రేకుల జోలికి మాత్రం పోవద్దు, ఒక్కటి వంగినా డయల్ లెక్క తప్పుతుంది.

అసలు పని డీ-ఎంఫసిస్‌ది. ఎఫ్ఎం స్టేషన్ పై స్వరాలను పెంచి పంపుతుంది, ట్యూనర్ అంతే తగ్గించాలి. ఆ లెక్క అమెరికాలో 75 మైక్రోసెకండ్లు, మనకు 50. అంకె పెద్దదైతే కోత ఎక్కువ. అందుకే ఆకాశవాణి వరంగల్ 103.5 మెగాహెర్ట్జ్‌లో పాటల్లోని తాళాల చప్పుడు దుప్పటి కప్పినట్టుండేది. పాత ట్యూనర్లది మెత్తటి సౌండని మురిసిపోయే దాంట్లో కొంత ఇదేనని నా అనుమానం! ఎడమ, కుడి శబ్దాలను విడదీసే స్టీరియో డీకోడర్ తర్వాత ఉన్న 0.015 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండూ తీసి, 0.010 ఫిల్మ్ రకం పెట్టాను. తాళాలు తేటపడ్డాయి. కొత్తదాంట్లో మెనూలో 50 పెడితే సరి.

ఇక 103.5 వరకు కళ్లు మూసుకుంటే ఏది మోగుతోందో చెప్పలేను. హైదరాబాద్ వివిధ భారతి 102.8 తెల్లవారుజామున ఎప్పుడైనా అందితే మాత్రం కొత్తదే గెలుస్తుంది. బ్యాండ్‌విడ్త్ (ట్యూనర్ ఒకేసారి వినే వెడల్పు) కుదించి, మోనోలో పెడితే మాట అర్థమవుతుంది. పాతదాని వెడల్పు ఫిల్టర్లలో పక్కనున్న 103.5 దూరిపోతుంది.

అమెరికా డిజిటల్ ట్యూనర్ సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు వెనక స్టెప్ స్విచ్ (ఒక్కో నొక్కుకు ఎంత దూరం జరగాలో మార్చేది) ఉందో లేదో చూసుకోండి. అక్కడ మీడియం వేవ్ 10 కిలోహెర్ట్జ్ మెట్లు, కాబట్టి ఆకాశవాణి హైదరాబాద్ 738 మీద ఆగదు. ఎఫ్ఎంలో 200 కిలోహెర్ట్జ్ మెట్లయితే 102.7 నుంచి 102.9కి ఎగురుతుంది, 102.8 కూడా అంతే. ముల్లు ఉన్నదానికి ఈ తిప్పల్లేవు.

యాంటెన్నాకు 69 సెంటీమీటర్ల అల్యూమినియం గొట్టాలు రెండు, డిష్ కేబుల్ సరిపోయాయి. పాతదాని 300 ఓమ్‌ల స్క్రూలకు కేబుల్‌ను వాటికి జత కుదిర్చే పాత టీవీ బాలన్ తగిలించాను. గొట్టాల మీద కోతులు ఊగుతున్నాయి. వాటిని డాబా మీద నుంచి దించి అటక కిందికి మార్చి, 103.5 సిగ్నల్ ఎంత తగ్గుతుందో కొలవాలి.