కనపడకుండా చేసేద్దామా

పదకొండున్నర దాటింది. చేతులు మూడుసార్లు కడిగినా కాంటాక్ట్ క్లీనర్ వాసన పోలేదు. బండి బాగయింది. ఏబీఎస్ లైటు, అంటే గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటుకి ఏదైనా తేడా వస్తే వెలిగేది, సాయంత్రం నుంచి మళ్ళీ వెలగలేదు. హాయిగా పడుకోవాల్సిన రాత్రి. అయినా ఒక మాట చెవిలోంచి పోవట్లేదు.

“మీ బాధ లైటే కదా సార్, కనపడకుండా చేసేద్దామా?”

సర్వీస్ సెంటర్లో కౌంటర్ దగ్గరి అబ్బాయి అన్నాడు. ఎగతాళిగా కూడా అనలేదు, సాయం చేస్తున్నట్టే అన్నాడు. అందుకే ఇంకా మండింది.

ఈ మూడు వారాలూ ఆ లైటు నన్ను ఎంత తిప్పిందో మా ఆవిడని అడగాలి. తాళం వేయగానే అది వెలగాలి, బండి కదిలి కాస్త స్పీడందుకోగానే ఆరిపోవాలి. నాది ఆరేది. మైపాడు రోడ్డులో ఉప్పునీటి చెరువుల దగ్గరికి పోయేటప్పుడో వచ్చేటప్పుడో ఉన్నట్టుండి మళ్ళీ వెలిగేది. తాళం ఆపి మళ్ళీ వేసి నాలుగు గజాలు పోతే ఏమీ ఎరగనట్టు ఆరిపోయేది. సెంటర్ గేటు లోపల మాత్రం ఒక్కసారి కూడా వెలగలేదు.

మొదటిసారి పోతే ఒక రౌండు తిప్పి “ఏం లేదు సార్” అన్నారు. రెండోసారి చక్రం వేగం చూసే సెన్సర్ తుడిచామని బిల్లు వేశారు. మూడోసారి చక్రం ముట్టుకోలేదు, మీటర్ పెట్టలేదు, నిలబడినచోటి నుంచే “మాడ్యూల్ మార్చాలి, 20 వేల పైనే అవుతుంది” అన్నారు. మాడ్యూల్ అంటే ఏబీఎస్‌ని నడిపించే యూనిట్. ఏం చూసి చెప్తున్నారని అడిగా. జవాబు లేదు. మాడ్యూలే పోయుంటే హ్యాండిల్ తిప్పినప్పుడే ఎందుకు వెలుగుతుందని అడిగా. అప్పుడొచ్చింది ఆ మాట. స్పీడోమీటర్ విప్పి లైటు మీద లోపల నల్ల స్టిక్కర్ వేస్తారట. “బ్రేకు పడతా ఉండాది కదా సార్” అని ఓదార్పు కూడా.

బ్రేకు పడుతుంది, నిజమే. లైటు వెలిగినా మామూలు బ్రేకు పనిచేస్తూనే ఉంటుంది. ఏబీఎస్ ఒక్కటే పక్కకి తప్పుకుంటుంది. చక్రం బిగుసుకునే క్షణం దాకా ఏ తేడా తెలియదు. ఆ క్షణం వచ్చాక తెలిసి ఏం లాభం? ఆ సంగతి ముందే చెప్పడానికే కదా లైటు పెట్టింది. దాని నోరు మూసేస్తే సరిపోతుందని ఆ అబ్బాయికి ఎవరు నేర్పించారు?

నాకు ఇంత పట్టింపు ఎందుకంటే, నాన్న మోకాలు.

2011 మార్చి. కోతల కాలం. పొద్దుగూకాక నాన్న బుచ్చి (బుచ్చిరెడ్డిపాళెం) నుంచి బండి మీద వస్తున్నాడు. రోడ్డులో సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి, చుట్టూ వరసగా రాళ్ళు. ఎదురుగా బస్సు నిండా లైట్లేసుకుని మీదికొచ్చేసింది. నాన్న వడ్లలోకి దిగాడు. దిగాక భయంతో ముందు బ్రేకు గట్టిగా పట్టేశాడు. చక్రం తిరగడం ఆగిపోయింది. వడ్ల మీద ఆగిన చక్రం నాచు మీద వేసిన కాలు లాంటిది. బండి ఒక పక్కకి, నాన్న ఒక పక్కకి, మోకాలు పోయి రాయికి.

నేను చేరేసరికి అరగంట పైనే అయింది. రోడ్డు పక్కన ఎవరో వేసిన పట్ట మీద కూర్చోబెట్టారు. కాలు చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. ఆయన మాత్రం చొక్కా జేబులో పడిన వడ్లు గుప్పిట్లోకి తీసుకుని కుప్ప మీద వేస్తున్నాడు. జేబు తిరగేసి, మూలల్లో ఇరుక్కున్నవి కూడా గోటితో తీసి వేశాడు. “ఎందుకు నాన్నా ఇప్పుడు” అంటే, “వాళ్ళవి రా” అన్నాడు. నేను ఆ రైతుని తిట్టబోతే నన్నే కసిరాడు. “తేమ 17 శాతం దాటితే కొనరు. కల్లాలు యాడుండాయి? రోడ్డు మీద కాకపోతే నెత్తిన ఆరబోసుకుంటారా?” ఆయన కూడా ఏటేటా అక్కడే ఆరబోసేవాడు మరి. ఒక పుట్టి అంటే 850 కిలోలు. అన్ని వడ్లు ఇంటి మిద్దె మీద ఆరవు.

మోకాలికి రెండు ఆపరేషన్లు. ఇప్పటికీ మెట్లు దిగితే ముందు కుడికాలే.

అప్పటి నుంచీ నా మనసులో ఒకటే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్ళన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేస్తున్నారని తెలిసి, పాత బండితో అప్పటిదాకా నెట్టుకొచ్చి జూన్‌లో ఇది కొన్నా. ఏబీఎస్ ఉండుంటే నాన్న పడేవాడు కాదని ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉన్నా. ఇప్పుడు రాస్తుంటే అంత గట్టిగా అనలేకపోతున్నా. వడ్ల లాంటి జారే సరుకు మీద ఏబీఎస్ ఉన్నా బండి తొందరగా ఆగదు, ఇంకొంచెం దూరం కూడా పోవచ్చు. అది చేసేదల్లా చక్రాన్ని బిగుసుకోనీయకుండా తిరగనివ్వడం. చక్రం తిరుగుతుంటే హ్యాండిల్ మాట వింటుంది. నాన్న ఆగేవాడు కాదేమో, పడకుండా వడ్లు దాటి మళ్ళీ తార్రోడ్డెక్కేవాడేమో. ఆ రాయి తగలకపోవడమైనా జరిగేదేమో. తెలియదు. నాకు ఆ “ఏమో” చాలు, దానికోసం ఎన్ని రోజులైనా తిరుగుతా.

సరే, ఇవాళ్టి సంగతి. లైటు వెలిగినప్పుడల్లా చిన్నోడి రఫ్ నోట్సు వెనక పేజీలో రాసుకుంటూ వచ్చా. 9 రోజుల్లో 11 సార్లు. అందులో 8 సార్లు ఎడమకి బాగా తిప్పిన వెంటనే. ఆ పేజీ తీసుకుని వేదాయపాళెంలో ఎలక్ట్రికల్ పని చేసే అన్న దగ్గరికి పోయా. ఆయన రెండుసార్లు చదివి, “ఇంత రాసుకొచ్చినాక ఇంక నాకేముందబ్బా పని” అని నవ్వాడు. అయినా ఏదీ వదల్లేదు. ముందు బ్యాటరీ చూశాడు. చక్రం పట్టి ఊపి బేరింగులో ఆట ఉందేమో చూశాడు. డిస్కు పక్కన ఉండే గాళ్ళ రింగుని చుట్టూ తిప్పి వంపు లేదన్నాడు. సెన్సర్ మూతికి పట్టిన ఇనుప పొడి తుడిచి గ్యాప్ సరిగ్గానే ఉందన్నాడు. అప్పుడు తాళం తీసి, సెన్సర్ వైరుకి రెండు చివర్లా కప్లర్లు ఊడదీసి, మల్టీమీటర్ బీప్ మీద పెట్టాడు. వైరు తెగకుండా ఉంటే అది కూత పెడుతుంది.

హ్యాండిల్ నేరుగా ఉంటే ఒకటే కూత. “నిదానంగా ఎడమకి తిప్పు” అన్నాడు. తిప్పా. ముప్పావు వంతు తిరిగేసరికి కూత తెగింది. వెనక్కి తెస్తే మళ్ళీ కూత. మూడుసార్లు తిప్పా, మూడుసార్లూ అక్కడే. ఆ కూత తెగినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

హెడ్‌లైటు వెనక, వైరు వంపు తిరిగే చోట ఒక ప్లాస్టిక్ టై బిగించి ఉంది. దాని కింద తోలు మీద వెంట్రుకవాసి పగులు. బ్లేడుతో చీల్చితే లోపల రాగి పచ్చబడిపోయి ఉంది. చెరువుల దగ్గర ఉప్పునీళ్ళు ఊరుకుంటాయా? పోగులన్నీ తెగి, రెండో మూడో అంటీ అంటనట్టు ఆనుకుని ఉన్నాయి. నేరుగా ఉంటే తగులుతున్నాయి, తిప్పితే విడిపోతున్నాయి. చక్రం తిరుగుతున్న లెక్క యూనిట్‌కి అందకపోతే అది ఏబీఎస్ ఆపేసి లైటు వేస్తోంది. లైటు ఒక్కరోజు కూడా అబద్ధం చెప్పలేదు.

జనవరిలో కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు, మార్చింది ఆ సెంటర్ వాళ్ళే. టై వాళ్ళే బిగించారని సాయంత్రమంతా తిట్టుకున్నా. ఇందాక ఛార్జర్ కోసం అరలో చెయ్యి పెడితే తెల్ల టైల ప్యాకెట్ తగిలింది. ఊడదీసింది కూడా తెల్లదే. నిరుడు ఫోన్ హోల్డర్ పెట్టినప్పుడు ఛార్జింగ్ వైరుతో కలిపి ఈ వైరుని కూడా బిగించింది నేనే. కాబట్టి ఆ తప్పు వాళ్ళ మీద వేయను. తెగింది నా చేతి వల్ల. కానీ వెతక్కుండా 20 వేలు చెప్పడం, కనపడకుండా చేస్తామనడం, ఆ రెండూ వాళ్ళవే. వాటిని మాత్రం మర్చిపోను.

అన్న వంపులో అతుకు పెట్టలేదు. అక్కడ సోల్డర్ చేస్తే గట్టిపడి మళ్ళీ అక్కడే తెగుతుందన్నాడు. పాడైన ముక్క మొత్తం తీసేసి, కదలని చోట అతికి, ష్రింక్ స్లీవ్ వేసి, వంపు దగ్గర వైరు వదులుగా వదిలాడు. బైపాస్ పక్క సర్వీస్ రోడ్డు ఖాళీగా ఉంటే 30 స్పీడులో ముందు బ్రేకు గట్టిగా పట్టా. లివర్ వేళ్ళ కింద టకటకమని కొట్టుకుంది. బండి నిటారుగా నిలబడింది.

ఇంటికొచ్చి చెప్తే నాన్న “లైటు ఆరిందా?” అని ఒక్కటే అడిగాడు. రేపు ఆరింటికి బుచ్చి పోవాలట, మన చేను కోసేశారు. పట్టలు రెండు మడిచి అప్పుడే బండి వెనక సీటుకి తాడుతో కట్టేశాడు. అన్నం తింటూ కౌలుదారుకి ఫోన్ చేశాడు. “వడ్ల చుట్టూ రాళ్ళు పెట్టొద్దు. ఖాళీ గోతాల్లో ఇసక పోసి పెట్టు. నేనొచ్చి చూస్తా.”