ఒత్తులకు చోటు

పొద్దున్నుంచి ఒకటే ముసురు. ఆదివారం కూరగాయల పని దానంతటదే తప్పింది. మా ఆవిడ చెల్లెలితో ఫోన్లో ఉంది, ఆ మాటలు ఇప్పట్లో తెమిలేవి కావు. ఇంతకన్నా మంచి సమయం దొరకదని సైటు పని ముందేసుకుని కూర్చున్నాను.

మా వీధిలో పెద్దవాళ్ల చేత పాత సంగతులు చెప్పించి రాసిపెడుతున్న సైటు అది, సైట్లు కట్టుకునే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడుస్తోంది. రాసేందుకు సరుకు బోలెడుంది, చెప్పడం మొదలెడితే వాళ్లని ఆపడమే కష్టం. చిక్కంతా కనబడే తీరుతోనే. సైటు రూపురేఖల్ని నిర్ణయించే ఉచిత థీమ్ ఒకటి ఈమధ్య పెట్టాను, డెమోలో అదెంత అందంగా ఉందో చెప్పలేను. పెద్ద పెద్ద శీర్షికలు, చుట్టూ బోలెడంత తెలుపు. అయితే ఆ డెమో అంతా ఇంగ్లీషు అక్షరాలతో చేసినది. మన అక్షరాలు పోసేసరికి దాని బండారం బయటపడింది.

ముందుగా పట్టుకున్నది మా మేనత్త. "ఒరేయ్, పై వరస వాళ్ల కాళ్లు కింది వరస వాళ్ల నెత్తిమీద ఉన్నాయేంట్రా? రైల్లో జనరల్ పెట్టెలా ఉంది నీ సైటు" అంది. నా కంప్యూటర్లో శీర్షికలన్నీ ఒక్క వరసలోనే పడుతున్నాయి కాబట్టి ఆ బాధ కనబడలేదు. ఆవిడ ఫోన్‌లో మాత్రం "స్వాతంత్ర్యం వచ్చిన రోజు వీధిలో మిఠాయి పంచిందెవరు" అన్నది విరిగి రెండో వరసలోకి దిగింది. పైన త కింద రవత్తు, దానికి తోడు యవత్తు. సరిగ్గా ఆ కిందే "వీధిలో" అన్న మాట, వీ మీద గుడిదీర్ఘం, ధి మీద గుడి. పైనుంచి దిగేవి, కిందినుంచి లేచేవి ఒకదాన్నొకటి కుమ్ముకున్నాయి.

కారణం వెతికితే చాలా చిన్నది. ఆ థీమ్ శీర్షికలకు లైన్ హైట్ 1.1 అని పెట్టుకుంది. అంటే అక్షరం సైజు ఎంతో, వరసకు వరసకు మధ్య దూరం దానికి కాస్త ఎక్కువ, అంతే. ఇంగ్లీషుకి అది చాలు. వాళ్లకి గీత కిందికి దిగే అక్షరాలు జి, వై లాంటివి నాలుగైదు. మనకి కింద ఒత్తులు, పైన గుడులు, తలకట్లు. ఒక్కోసారి "జ్యోత్స్న" లాంటి మాటొచ్చి రెండంతస్తులు కిందికి దిగుతుంది.

ఇలాంటి మార్పుకి ఒకప్పుడు థీమ్ ఫైళ్లు తెరిచి కోడ్ దిద్దాలి. పొరపాటున ఒక బ్రాకెట్ పోయిందా, రూపం మొత్తం చెదిరిపోయేది. పోనీ జాగ్రత్తగానే దిద్దినా, థీమ్ అప్‌డేట్ కాగానే మన దిద్దుబాటు గాల్లో కలిసిపోయేది. వర్డ్‌ప్రెస్‌లో 2012లో కస్టమైజర్ వచ్చాక రంగులు, లోగో, మెనూ వరకూ మీటలొచ్చాయి. 2022లో వచ్చిన 5.9 వెర్షన్‌తో పైనుండే హెడర్ నుంచి అడుగునుండే ఫుటర్ దాకా అన్నీ మౌస్‌తో కదిలించే సైట్ ఎడిటర్ దొరికింది. పేజీని బ్లాకులనే ముక్కలతో కూర్చే బ్లాక్ థీమ్ అయితేనే ఇది పనిచేస్తుంది. పాతరకం థీమ్‌లకు ఇప్పటికీ కస్టమైజరే గతి.

అప్పియరెన్స్ కింద ఎడిటర్, అందులో స్టైల్స్, అందులో టైపోగ్రఫీ. శీర్షికలకు లైన్ హైట్ 1.5 చేశాను, మామూలు పేరాలకు 1.8. అదే చోట లెటర్ స్పేసింగ్ అని ఇంకొకటుంది. డిజైనరుగారు దాన్ని మైనస్‌లో పెట్టి అక్షరాల్ని దగ్గరికి లాగారు. ఇంగ్లీషు శీర్షికకు అది సోకు, మనకది ఊపిరాడకపోవడం. సున్నా చేసేశాను. పక్కనే ఇంగ్లీషు అక్షరాల్ని పెద్దబడి, అంటే క్యాపిటల్ చేసే మీట కూడా ఉంది, మన లిపికి ఆ తేడాయే లేదు కాబట్టి ఎన్నిసార్లు నొక్కినా మన "అ" అలాగే కూర్చుంటుంది. పేరా మొదటి అక్షరాన్ని పెద్దది చేసే డ్రాప్ క్యాప్ జోలికి మాత్రం వెళ్లకండి. పేరా మొదట్లో "స్వా" ఉంటే నా బ్రౌజర్‌లో సకారం ఒక్కటీ ఏనుగంత పెరిగి, మిగతాది పక్కన చిన్నగా ఉండిపోయింది.

ఎడిటర్లో స్టైల్ బుక్ అని ఒకటుంది. శీర్షికలు, కోట్‌లు, బటన్లు అన్నీ ఒకే పేజీలో వరసగా చూపిస్తుంది. సదుపాయం బాగానే ఉంది కానీ నా దాంట్లో నమూనాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. అందుకని ప్రచురించకుండా డ్రాఫ్టులో ఒక పేజీ పెట్టుకుని అందులో కొరకరాని మాటలన్నీ కూర్చాను: ధృతరాష్ట్రుడు, జ్యోత్స్న, స్వాతంత్ర్యం, లక్ష్మి, దృష్ట్యా, ఖడ్గం, ఘుమఘుమ. ఏ ఫాంటు పెట్టినా, ఏ అంకె మార్చినా ముందు ఆ పేజీకే పరీక్ష. తెలుగులో సైటు నడిపేవాళ్లందరికీ ఇలాంటి పేజీ ఒకటి ఉండాలంటాను.

అసలు మధ్యాహ్నమంతా తినేసింది ఫాంట్లు. థీమ్ తెచ్చుకున్న ఫాంట్లో తెలుగు అక్షరాలే లేవు. అలాంటప్పుడు చూసేవాళ్ల పరికరంలో ఏ తెలుగు ఫాంటుంటే అది వచ్చి ఆ ఖాళీ పూరిస్తుంది. నా విండోస్‌లో నిర్మల, అత్తయ్య ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్. నేను చూస్తున్న సైటు, ఆవిడ చూస్తున్న సైటు ఒకటి కాదన్నమాట. 2024లో 6.5 వెర్షన్‌తో ఫాంట్ లైబ్రరీ వచ్చాక దీనికీ దారి దొరికింది. గూగుల్ ఫాంట్ల జాబితాలోంచి ఎంచుకుంటే ఆ ఫైలు మన సర్వర్లోకే దిగుతుంది, చదివేవాళ్లందరికీ అక్కణ్ణుంచే వెళుతుంది. కాకపోతే ఆ జాబితాలో తెలుగువి మాత్రమే చూపించు అనడానికి వీల్లేదు, నమూనా కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటుంది. పేరు తెలిసుండాలి.

పేర్లు తెలిస్తే మాత్రం పండగే. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, వీళ్లందరి వెనక శ్రీకృష్ణదేవరాయ. సిలికానాంధ్ర సంస్థ వారు విడుదల చేసిన ఫాంట్లివి, ఉచితంగా వాడుకోవచ్చు. భువనవిజయాన్ని డ్రాప్‌డౌన్‌లో నిలబెట్టినట్టుంది. ఒక్కొక్కరితో "స్వాతంత్ర్యం" రాయించి స్క్రీన్‌షాట్లు తీసి అత్తయ్యకి వాట్సాప్ చేశాను.

"పెద్దన్న మరీ లావురా. తిమ్మన ముద్దుగా ఉన్నాడు గానీ, వార్తాపత్రికలో అచ్చులా ఉండేది ఏదీ లేదా?"

"మండలి అని ఒకటుంది అత్తయ్యా. పంపిస్తున్నా, చూడండి."

"ఆఁ, ఇదీ అక్షరమంటే."

మండలి నాకూ నచ్చింది. చిక్కేమిటంటే దాంట్లో ఒకటే మందం ఉంది. బోల్డ్ అడిగితే బ్రౌజరే గీతల్ని లావు చేసి బోల్డ్ అనిపిస్తుంది, దాంతో ఖ, ఘ లోపలి సందులు పూడుకుపోతాయి. పేరాల మధ్యలో మనుషుల పేర్లు బోల్డ్‌లో పెట్టడం నాకలవాటు. చివరికి పేరాలకు నోటో సెరిఫ్ తెలుగు పెట్టాను, సన్నం నుంచి బాగా లావు వరకూ అన్ని మందాలూ అందులో ఉన్నాయి. శీర్షికలకు మాత్రం అత్తయ్య మాట ప్రకారం మండలి, బోల్డ్ తీసేసి. ఇంకో ఫాంటు పెట్టలేదు. ఫాంటు పెరిగిన కొద్దీ ఫోన్‌లో పేజీ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది, మా చదువరుల్లో సగంమంది మనవళ్లు వదిలేసిన పాత ఫోన్లవాళ్లు.

రంగుల దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. బూడిదరంగు అక్షరాలు నాజూగ్గా ఉంటాయని ఎవరు చెప్పారో గానీ, శుక్లాలు తీయించుకోవాల్సిన కళ్లకి అవి గోడమీద తడిమరకల్లా కనిపిస్తాయట. అక్షరానికీ వెనకున్న రంగుకీ కాంతిలో తేడా కనీసం 4.5కి 1 ఉండాలని ప్రమాణం. మరీ పేలవంగా పెడితే ఎడిటరే చదవడం కష్టమని హెచ్చరిస్తుంది. దాదాపు నలుపు పెట్టి ముందుకెళ్లిపోయాను. మా బావమరిది ఫోన్‌చేసి మొదటి పేజీలో బొమ్మలు జరుగుతూ ఉండే స్లైడర్ పెట్టమన్నాడు. పెట్టనన్నాను. చదువుతుంటే కదిలేది ఏదైనా నాకు ఈగతో సమానం.

మెనూ మాత్రం మార్చి తీరాల్సొచ్చింది. ఫోన్‌లో అది మూడు గీతలై మూలకి ముడుచుకుంటుంది. అదొక మీట అని మా వీధిలో సగంమందికి తెలియదు, ఏదో అలంకారం అనుకున్నారు. నావిగేషన్ బ్లాక్ సెట్టింగుల్లో ఓవర్‌లే మెనూని ఆఫ్ చేస్తే మాటలు మాటల్లాగే పైన పరుచుకున్నాయి. ఉన్నవి నాలుగే మాటలు, ఆ మాత్రం చోటు లేకపోలేదు.

సాయంత్రం అయిదింటికి సేవ్ నొక్కాను. వెంటనే చేసేయదు, ఏమేం మారాయో చూపించి అడుగుతుంది: స్టైల్స్, హెడర్, ఫుటర్. మొదటి రెండూ ఉంచి ఫుటర్ దగ్గర టిక్కు తీసేశాను. థీమ్ వాళ్ల పేరు చెరిపి అక్కడ కథలు చెప్పినవాళ్ల పేర్లు వేద్దామని మొదలుపెట్టాను గానీ, ఎవరి పేరు ముందుండాలన్నది వీధిలో ఇంకా తేలలేదు.