తెల్లదొరా, గడీల దొరా? పాలమూరు, నల్లగొండ పెద్దలను ఎలా అడగాలి

ఎనభై దాటిన నల్లగొండ రైతును "ఇంగ్లీషోళ్ల పాలన మీద మీకెట్లా అనిపిస్తది తాతా?" అని అడిగి చూడండి. ఏమీ అనిపించదంటాడు. మతిమరుపు అనుకోవద్దు, ప్రశ్నే తప్పు. గోదావరి, గుంటూరు వైపు దొర అంటే తెల్ల కలెక్టరు. కృష్ణకు ఇవతల దొర అంటే గడీలో, అంటే కోటలాంటి ఇంట్లో, ఉండే భూస్వామి దేశ్‌ముఖ్. మాట ఒకటే, మనిషి వేరు. అందుకే వలసపాలన మీద జనం మనసు కనుక్కుందామని ఒకే ప్రశ్నపత్రం రెండు వైపులా పట్టుకెళ్లినవాళ్లకు ఇక్కడ ఖాళీ గడులే మిగులుతాయి.

తెల్లవాడు ఇక్కడ లేడని కాదు. ఇంగ్లీషోళ్లతో 1798 ఒప్పందం తర్వాత నిజాం విదేశీ వ్యవహారాలు, సైన్యం ఎవరి కనుసన్నల్లో నడిచాయో హైదరాబాదులో ఇంగ్లీషు ప్రతినిధి ఉన్న కోఠీ రెసిడెన్సీ గోడలను అడిగితే చెబుతాయి. 1918లో ఏడో నిజాంకు దక్కిన బిరుదు 'బ్రిటిష్ ప్రభుత్వానికి నమ్మకమైన మిత్రుడు'. కానీ పల్లెకు వచ్చేసరికి ఆ పెత్తనం ఒక రూపాయిగా మాత్రమే కనిపించేది. నిజాం నాణెం హాలీ సిక్కా, ఇంగ్లీషు రూపాయి కల్దార్. సుమారు 7 హాలీలకు 6 కల్దార్లు. "దొర నూరు రూపాయలు జుర్మానా వేసిండు" అని ఎవరైనా చెబితే, "హాలీయా, కల్దారా?" అని వెంటనే అడగండి. లెక్క సరిపోవడం ఒక లాభం. అంతకంటే పెద్ద లాభం ఇంకొకటి ఉంది. కల్దార్ అన్న మాట చెవిన పడగానే చాలామందికి బెజవాడ వైపు బేరాలు, సరిహద్దు చౌకీలు, కరోడ్‌గిరి సుంకం గుర్తొస్తాయి. తెల్లవాడి సంగతి అక్కడినుంచి తనంతట తానే బయటికొస్తుంది.

కాబట్టి పాలన గురించి అడగకండి, పని గురించి అడగండి. "మీ ఊర్ల పట్వారీ ఎవరుండె? వెట్టికి ఏ ఇంటోళ్లు పోతుండె? లెవీ గల్ల ఎట్ల కొలుస్తుండె?" ఈ మూడూ చాలు. లెవీ ప్రశ్నను మాత్రం తొందరపడి దాటేయొద్దు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ధాన్యం బలవంతంగా తీసుకున్న తీరు మీద కోపం ఇంకా చల్లారని ఇళ్లున్నాయి. ఆ కోపం నిజాం మీదా, దొర మీదా, కొలిచిన పట్వారీ మీదా అన్నది ఇంటింటికీ మారుతుంది.

తర్వాత వయసు లెక్క. 2025లో 85 ఏళ్లున్న మనిషి 1948 సెప్టెంబరులో, భారత సైన్యం 'పోలీస్ యాక్షన్' పేరుతో నిజాం రాజ్యంలోకి వచ్చినప్పుడు, ఎనిమిదేళ్ల పిల్లవాడు. ఆయన చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. "మీరు చూసిన్రా, మీ అయ్య చెప్పిండా?" అని ప్రతి ముఖ్యమైన మాట దగ్గరా అడిగి, రెండూ వేరుగా రాసుకోండి. ఎక్కువగా కలగాపులగమయ్యేది 'క్యాంపు'. నిజాం పక్షాన నిలిచిన రజాకార్ల క్యాంపు, పోలీస్ యాక్షన్ తర్వాత కమ్యూనిస్టుల కోసం పెట్టిన మిలిటరీ క్యాంపు, రెండూ ఒకటే జ్ఞాపకంలో కలిసిపోతాయి. 1948 సెప్టెంబరు 17 తర్వాత జరిగిందంటే అది రజాకార్ల పని కాదు. కమ్యూనిస్టుల సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా నడిచింది కనుక ఈ మూడేళ్ల దెబ్బలు వేరే ఖాతా. ఆ ఖాతా బరువెంతో తెలియాలంటే 1952 ఎన్నికలు చూడండి: నల్లగొండ లోక్‌సభ స్థానంలో కమ్యూనిస్టు నేత రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి.

ఇంట్లో పాత కాగితం ఉంటే తేదీ దగ్గర జాగ్రత్త. 1357 అని కనబడితే అది ఫసలీయా (రెవెన్యూ సంవత్సరం), హిజ్రీయా (ఇస్లామిక్ సంవత్సరం)? ఫసలీ 1357 అంటే 1947 అక్టోబరులో మొదలైన సంవత్సరం. హిజ్రీ 1357 అంటే దాదాపు 1938. పదేళ్ల తేడా! అంకె పక్కన ఉర్దూ 'ఫే' అక్షరం ఉంటే ఫసలీ, 'హే' ఉంటే హిజ్రీ. ఫసలీకి 590 కలపండి. జనవరి నుంచి సెప్టెంబరు మధ్య తేదీ అయితే 591. నిజాం రాజ్యంలో ఏడాది ఆజుర్ నెలతో, అక్టోబరు తొలి వారంలో మొదలయ్యేది. మద్రాసు వైపు ఫసలీ జూలైలో మొదలవుతుంది కనుక ఆంధ్ర పుస్తకాల పట్టికలు ఇక్కడ పనికిరావు.

1954-55 ఖాస్రా పహాణీ (ఊరి భూముల రికార్డు) నకలు తీసుకోండి. సర్వే నంబరు పట్టుకుని రెండు గడులు పక్కపక్కన చూడాలి: పట్టాదారు (భూమి యజమాని), కాస్తుదారు (సాగు చేసేవాడు). పట్టా దొర పేరు మీద, కాస్తు మీ తాత పేరు మీద ఉంటే, ఆ ఇంట్లో 1948 గురించి ఏం మాట్లాడతారో సగం అక్కడే తెలుస్తుంది. 1950 కౌలు చట్టం కింద రక్షిత కౌలుదారుగా నమోదయ్యారేమో కూడా చూడండి. విస్తీర్ణం గడిలో 12-20 అంటే పన్నెండెకరాల ఇరవై గుంటలు, అంటే పన్నెండున్నర ఎకరాలు. చదువుకున్న పిల్లలు దాన్ని 12.20 అని టైపు చేసి పన్నెండు గుంటలు పోగొట్టుకుంటుంటారు.

గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ వైపు వెళ్తే ఈ లెక్కంతా కొంచెం మార్చుకోవాలి. అక్కడ నిజాంకూ రైతుకూ మధ్య సంస్థానం రాజు ఉండేవాడు. గద్వాలను విద్వద్గద్వాల అంటారు, పండితులకు రాజులు చేసిన సత్కారాలు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. సూర్యాపేట మనిషి గడీ అన్నప్పుడు పలికే గొంతు వేరు, గద్వాల మనిషి కోట అన్నప్పుడు పలికే గొంతు వేరు. రెంటినీ కలిపి 'దక్షిణ తెలంగాణ అభిప్రాయం' అని ఒక్క వాక్యం రాసేస్తే రెంటికీ అన్యాయమే.

ప్రశ్నలో ఆ రోజు పేరు వాడకండి. సెప్టెంబరు 17ను ఒకరు విమోచన అంటారు, ఒకరు విలీనం, ఒకరు విద్రోహం. రాష్ట్ర ప్రభుత్వమే 2022లో జాతీయ సమైక్యతా దినమంది, 2024లో ప్రజాపాలన దినోత్సవమంది. "విమోచన నాడు మీ ఊర్ల ఏమైంది?" అని అడిగితే జవాబు ముందే మీరు చెప్పినట్టు. ముస్లిం ఇంట్లో అయితే ఆ మాటతో తలుపు మూసుకున్నట్టే. 1948లో మరాఠ్వాడ, కన్నడ జిల్లాల్లో ఎక్కువగా జరిగిన ముస్లింల హత్యలను కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మధ్య అంచనా వేసింది. బీదర్, గుల్బర్గాల్లో చుట్టాలున్న కుటుంబాలు పాలమూరులో తక్కువేం లేవు. "పోలీస్ యాక్షన్ నాడు" అంటే చాలు. అన్ని ఇళ్లలోనూ పెద్దలు వాడే మాట అదే.

రికార్డింగును అదే రోజు రాత్రి వినండి. ఫైలు పేరులో ఊరు, పాత తాలూకా రెండూ ఉండాలి. జనగామ తాలూకా అప్పట్లో నల్లగొండ జిల్లాలోనిది. అది మరిచి ఆ తాలూకాలోని కడవెండి కాగితాల కోసం వరంగల్ దస్త్రాల్లో వెతికితే రోజంతా దుమ్ము తప్ప ఏమీ దొరకదు.