కారు లోపల కొత్త వెలుగు

కారు పైకప్పు దీపంలోని పాత ఫిలమెంట్ బల్బును తీసి ఎల్‌ఈడీ అమర్చిన ఈ సాయంత్రం, ఇన్నాళ్లూ మసక పసుపు వెలుతురులో తడుముకుంటూ వెతికిన సీటు సందులు మొదటిసారి స్పష్టంగా కనిపించినప్పుడు నాకు నిజంగా సంతోషం కలిగింది. రెండు కొసలా లోహపు టోపీలుండే ఈ గొట్టపు బల్బులు 31, 36, 41 మిల్లీమీటర్ల వంటి వేర్వేరు పొడవుల్లో వస్తాయి కనుక, పాతదాన్ని కొలిచిన తరువాతే కొత్తదాన్ని ఎంచుకున్నాను. అయినా మొదట అది వెలగలేదు. పాడైన బల్బు వచ్చిందని నొచ్చుకున్నాను గానీ, ఎల్‌ఈడీ కూడా డయోడే కాబట్టి విద్యుత్తును ఒకే దిశలో ప్రవహించనిస్తుందని గుర్తొచ్చి తిప్పి అమర్చాను (పాత బల్బుకు ఈ పట్టింపు లేదు), వెంటనే వెలిగింది. నీలిఛాయ తెలుపుకు బదులు 4000 కెల్విన్ల (వెలుగు రంగుఛాయను తెలిపే కొలత) మామూలు తెల్లని వెలుగును ఎంచుకున్నందుకు రాత్రివేళ కళ్లకు ఎంతో హాయిగా ఉంది.