టైప్‌రైటర్ ఫాంట్ గుట్టు

పెళ్లికార్డు మీదో కాఫీ షాపు మెనూలోనో పాత టైప్‌రైటర్ ఫాంట్ కనిపిస్తే, ఒకే ఇంగ్లిష్ అక్షరాన్ని రెండుచోట్ల పోల్చి చూడండి. రెండిట్లోనూ సిరా అదే మూల చెదిరితే దొంగ దొరికినట్టే, అది మిషన్ కాదు, కంప్యూటర్ ఫాంటే! అసలు మిషన్‌లో అచ్చు వంకరైతే ప్రతిసారీ అదే వంకర పడుతుంది. సిరా మాత్రం వేలి దెబ్బను బట్టి, రిబ్బన్ తడిని బట్టి మారుతుంది.

స్పెషల్ ఎలైట్ లాంటి అరిగిన ఫాంట్లు శీర్షికలకే. చిన్న సైజులో గరుకు అంచులు మురికిలా ఉంటాయి. బోల్డ్ కూడా నొక్కకండి, అందులో బోల్డ్ లేదు. సాఫ్ట్‌వేరే గీతలు లావు చేసి అక్షరాల పొట్టలు పూడ్చేస్తుంది. అండర్‌లైన్ చాలు, మిషన్ మీద చేసేదీ అదేగా.

సినిమా స్క్రిప్టుకి కొరియర్ అనే ఫాంట్, సైజు 12 పాయింట్లు. ఐ అయినా డబ్ల్యూ అయినా ఒకే వెడల్పు, అంగుళానికి 10 అక్షరాలు. స్క్రిప్టు పేజీకి తెర మీద సుమారు నిమిషం అనే లెక్క నిలిచేది దీనివల్లే.

మన తిప్పలు వేరే. స్పెషల్ ఎలైట్‌లో తెలుగు అక్షరాలే లేవు. కంప్యూటర్ చడీచప్పుడు లేకుండా ఇంకో ఫాంట్ తగిలిస్తుంది. ఇంగ్లిష్ అరిగిపోయి, పక్కన తెలుగు కొత్త పెళ్లికొడుకులా మెరుస్తుంటుంది. తెలుగుని అవుట్‌లైన్లుగా, అంటే టైపు అక్షరాల్లా కాక గీసిన బొమ్మల్లా మార్చి అంచుల్ని కాస్త గరుకు చేయండి. ఎక్కువైతే తలకట్లు తెగిపోతాయి.